కొత్త సూపర్‌మ్యాన్, పాత సూపర్‌మ్యాన్‌లు: అసలు తేడా తండ్రుల దగ్గరే ఉంది

రీలుపెట్టె

జేమ్స్ గన్ తీసిన కొత్త సూపర్‌మ్యాన్‌ని 2025 జూలైలో థియేటర్‌లో చూశాను, ఈ మధ్య ఇంట్లో మళ్ళీ పెట్టుకున్నాను. ఆ ఊపులోనే 1978 నాటి రిచర్డ్ డోనర్ సినిమా, 2013 నాటి జాక్ స్నైడర్ ‘మ్యాన్ ఆఫ్ స్టీల్’ కూడా వరసగా చూసేశాను. నెట్‌లో పోలికలన్నీ ఎర్ర నిక్కరు ఉందా లేదా, ఎవరు బాగా ఎగిరారు, ఎవరి కండలు ఎక్కువ అన్నచోటే తిరుగుతున్నాయి. నాకు మాత్రం తేడా అంతా ఇంట్లోనే కనిపించింది. మూడు సినిమాల్లోనూ కథ ఒక్కటే. పేలిపోతున్న గ్రహం నుంచి కన్నవాళ్ళు బిడ్డను పంపించేస్తారు, కాన్సాస్‌లో పొలం చేసుకునే దంపతులు పెంచుతారు. ఆ ఇద్దరు తండ్రుల్లో ఎవరి మాట వాడి మనసులో నిలిచిపోయిందన్న దాన్నిబట్టే ఒక్కో సినిమా ఒక్కోలా తయారైంది.

1978లో ఇద్దరు తండ్రులూ గొప్పవాళ్ళే. కన్నతండ్రి జోర్‌ఎల్‌గా మార్లన్ బ్రాండో, పెంచిన తండ్రి జొనాథన్ కెంట్‌గా గ్లెన్ ఫోర్డ్. గ్లెన్ ఫోర్డ్ తెర మీద ఉండేది కాసేపే. నువ్వు ఇక్కడికి ఏదో కారణం ఉండే వచ్చావురా, ఫుట్‌బాల్‌లో పాయింట్లు కొట్టడానికి మాత్రం కాదు అని కొడుకుతో అంటాడు. ఆ వెంటనే ఇద్దరూ సరదాగా పరుగు పందెం పెట్టుకుంటారు. నాలుగడుగులు వేయగానే చెయ్యి పట్టుకుని ఆగిపోతాడు, కూలిపోతాడు. ఇన్ని శక్తులుండీ నాన్నను కాపాడుకోలేకపోయాను అని సమాధి దగ్గర క్లార్క్, అంటే మన సూపర్‌మ్యాన్, బాధపడతాడు. క్లైమాక్స్‌లో అతను ప్రేమించిన రిపోర్టర్ లోయిస్ చనిపోయాక ఆకాశంలోకి దూసుకెళ్తుంటే రెండు గొంతులూ వినిపిస్తాయి. మనుషుల చరిత్రలో వేలు పెట్టకూడదని కన్నతండ్రి, నువ్వొచ్చింది ఒక కారణం కోసమని పెంచిన తండ్రి. భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పడమేమిటని అందరూ ఆ సీనును తీసిపారేస్తారు. కానీ అక్కడ కొడుకు కన్నతండ్రి ఆజ్ఞను పక్కన పెట్టి పెంచిన తండ్రి మాట పట్టుకున్నాడు. సినిమా మొత్తం ఆ ఒక్క నిర్ణయం కోసమే నడిచిందని నాకనిపిస్తుంది.

2013కి వచ్చేసరికి పాత్రలు తారుమారయ్యాయి. ధైర్యం చెప్పేది జోర్‌ఎల్, అంటే రసెల్ క్రో. నువ్వు మనుషులకు ఒక ఆదర్శం చూపిస్తావు, తడబడుతూ పడిపోతూ అయినా నీ వెనక వస్తారు అంటాడు. భయం చెప్పేది జొనాథన్, అంటే కెవిన్ కాస్ట్‌నర్. స్కూలు బస్సు నదిలో పడిపోతే పిల్లల్ని కాపాడిన కొడుకు, వాళ్ళను చావనివ్వమంటారా అని అడిగితే, ఏమో, అదే నయమేమో అన్నట్టు జవాబిస్తాడు. చివరికి సుడిగాలిలో తనను కాపాడటానికి రావద్దని చెయ్యెత్తి కొడుకును ఆపేసి, ఆ గాలిలో కలిసిపోతాడు.

2025లో గన్ చేసింది ఇప్పటిదాకా సినిమాల్లో ఎవరూ చేయనిది. క్లార్క్ చిన్నప్పటి నుంచి గుండెల్లో పెట్టుకున్న కన్నవాళ్ళ సందేశం సగమే. రెండో సగం పాడైపోయి ఉంటుంది. విలన్ లెక్స్ లూథర్ మనుషులు దాన్ని బయటికి తీస్తే, అందులో ఉన్నది ఆ జనం బలహీనులు, నువ్వు వాళ్ళను ఏలు, జాలి చూపకు అని. లోకమంతా అది వింటుంది. అంతవరకూ ఎవరి పేరు చెప్పుకుని బతికాడో వాళ్ళే అలాంటివాళ్ళని తేలాక అతనికి మిగిలింది కెంట్ దంపతులే. నావరకు ఈ పాత్రకు ఇంత దగ్గరగా వెళ్ళిన సినిమా మరొకటి లేదు. మీరేమంటారు?

కృష్ణాతీరం

బాగా రాశావు తమ్ముడూ. కానీ 1978 సినిమా గొప్పతనాన్ని తండ్రుల దగ్గరే ఆపేస్తే సూపర్‌మ్యాన్ వేసిన క్రిస్టఫర్ రీవ్‌కు అన్యాయం చేసినట్టే. నేను ఆ సినిమా విజయవాడలో హైస్కూలు రోజుల్లో చూశాను. అప్పట్లో ఇంగ్లీషు సినిమాలు మన దగ్గరికి ఆలస్యంగా వచ్చేవి. ఇంగ్లీషు ఒక్క ముక్క అర్థం కాకపోయినా మాకు అర్థమైన సీను ఒకటుంది. లోయిస్ ఇంట్లో క్లార్క్ ఒంటరిగా నిలబడి ఉంటాడు, ఆమె లోపల తయారవుతుంటుంది. ఆమెకు నిజం చెప్పేద్దామని కళ్ళద్దాలు తీస్తాడు. భుజాలు నిటారవుతాయి, ఛాతీ విచ్చుకుంటుంది, గొంతు మారుతుంది, ఎత్తు కూడా పెరిగినట్టుంటాడు. ఆమె వచ్చేలోగా మనసు మార్చుకుని మళ్ళీ అద్దాలు పెట్టుకుంటాడు, నడుం వంగిపోతుంది, పాత నత్తి వచ్చేస్తుంది. గ్రాఫిక్స్ లేవు, డ్రెస్సు మార్చలేదు. హాల్లో మా పక్క బెంచీ వాళ్ళు ఒక్కసారిగా అరిచారు.

అద్దాలు పెట్టుకుంటే ఎవరూ గుర్తుపట్టరా అని పిల్లలు ఇప్పటికీ అడుగుతారు. ఆ సీను చూపిస్తే మళ్ళీ అడగరు. కొత్త అబ్బాయి డేవిడ్ కోరెన్స్‌వెట్ చాలా బాగా చేశాడు, ఒప్పుకుంటాను. రీవ్ చదివిన జూలియార్డ్ అనే నటన నేర్పే కాలేజీలోనే చదువుకున్నాడు కూడా. కానీ అతనికి ఇలాంటి ఒక్క సీను ఇవ్వలేదు. కొత్త సినిమాలో ఆఫీసులో ఉండే క్లార్క్ కెంట్‌ని చూసేది ఎంతసేపని? నాకు ఆ లోటు తీరలేదు.

ఉక్కుపిడికిలి

రీలుపెట్టె అన్నా, 2013 జొనాథన్‌ను ప్రతివాళ్ళూ ఇలాగే పిరికివాడిగా తీసిపడేస్తారు. నాకు నచ్చదు. స్నైడర్ అడిగిన ప్రశ్న ఒక్కటే. ఇలాంటి పిల్లవాడు నిజంగా ఒక ఇంట్లో పెరిగితే ఆ తండ్రికి నిద్ర పడుతుందా? ప్రభుత్వం వచ్చి ఎత్తుకెళ్తుందేమో, లోకం భయపడి రాళ్ళు వేస్తుందేమో అని రోజూ చస్తూ బతుకుతాడు. బస్సు సీనులో ఆయన మొహం చూడండి. ఆ జవాబు చెప్తున్నప్పుడు ఆయనకే దాని మీద నమ్మకం లేదు. అయినా నోరు అదే అంది, ఎందుకంటే ఎదురుగా ఉన్నది తన కొడుకు. మన ఇళ్ళలో ఎన్ని వేలమంది నాన్నలు పిల్లల్ని నీకెందుకురా, మనకెందుకురా అని ఆపలేదు? వాళ్ళందరూ చెడ్డ తండ్రులా?

కొడుకు గుట్టు బయటపడకూడదని ప్రాణమిచ్చాడు ఆయన. చెయ్యెత్తి వద్దని సైగ చేసిన ఆ షాట్‌లో కాస్ట్‌నర్ కళ్ళు చూసి నేను ఏడ్చాను. కొత్త సినిమాలో జొనాథన్ మంచాయనే, కానీ ఆయనకు పోగొట్టుకోవాల్సింది ఏమీ లేదు.

రీలుపెట్టె

ఉక్కుపిడికిలి, కాస్ట్‌నర్ నటన గురించి నీతో వాదన లేదు. నా అభ్యంతరం ఆ చావు క్లార్క్‌కు ఏం నేర్పింది అన్న దగ్గర. సాయం చేయగలిగి కూడా ఆగిపోవడం నేర్పింది. 1978 జొనాథన్ ఎలా పోయాడు? గుండెపోటుతో. ఎంత బలమున్నా ఆపలేని చావు అది. అందుకే ఆ కొడుకు పెద్దయ్యాక కాపాడగలిగిన వాళ్ళెవర్నీ వదలడు. 2013 కొడుకు తండ్రి ఎదుటే ఉన్నా, ఒక్క అంగలో అందుకోగలిగినా ఆగిపోయాడు. అంత బరువు మోపాక, పెద్దయ్యాక అతను అంత దిగులుగా ఉండటంలో వింత లేదు. ఆ దిగులే సినిమా రంగు. స్నైడర్ తెలిసే అలా తీశాడు, అందులో నిజాయితీ ఉంది. నాకు కావాల్సిన సూపర్‌మ్యాన్ మాత్రం అతను కాదు.

2025లో పొలం ఇంటి ముందు కూర్చున్న సీను ఒకటుంది. ప్రూట్ టేలర్ విన్స్ జొనాథన్. లావుపాటి ఒళ్ళు, కళ్ళల్లో నీళ్ళు, మాట తడబడుతుంది. ఏ కోణంలో చూసినా హీరో తండ్రిలా ఉండడు. కొడుకు వచ్చి, నేను అనుకున్నవాణ్ణి కాదు నాన్నా అంటాడు. నువ్వెవరో చెప్పడం తల్లిదండ్రుల పని కాదు, నీ దారి నువ్వు వెతుక్కోవడానికి పనికొచ్చేవి ఇవ్వడమే మా పని, నువ్వేం ఎంచుకున్నావు, ఏం చేశావు అన్నదే నువ్వు అన్న అర్థం వచ్చేలా చెప్తాడాయన. బ్రాండో అంతరిక్షం నుంచి పలికిన ఉపన్యాసాలన్నిటికంటే ఈ నాలుగు మాటలు నాకు ఎక్కువ.

ఫ్రేమ్‌వెనక

నేను హైదరాబాద్‌లో విజువల్ ఎఫెక్ట్స్‌లో పనిచేస్తాను, కాబట్టి నా చూపు ఎగరడం మీదే ఉంటుంది. కాస్త పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

1948 సీరియల్‌లో కిర్క్ ఆలిన్ తెర మీద నటించిన తొలి సూపర్‌మ్యాన్. ఎగరాల్సి వచ్చినప్పుడల్లా మనిషి మాయమై కార్టూన్ బొమ్మ వచ్చేది. 1950ల టీవీలో జార్జ్ రీవ్స్ స్ప్రింగ్‌బోర్డ్ మీది నుంచి కిటికీలోంచి బయటికి దూకేవాడు. అసలు 1938లో జెర్రీ సీగల్, జో షుస్టర్ సృష్టించిన మొదటి కామిక్‌లో అతను ఎగరడు, భవనాల మీంచి దూకుతాడంతే. 1940ల ఫ్లైషర్ కార్టూన్లు అతన్ని తెర మీద ఎగిరించాయి.

1978లో మనిషి ఎగరగలడని మీరు నమ్ముతారు అని పోస్టర్ల మీద వేసుకున్నారు. ఆ మాట నిలబెట్టుకోవడానికి వాళ్ళు పడిన కష్టం ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చునే మాకు ఊహకు అందదు. జోరాన్ పెరిసిక్ అనే ఆయన జోప్టిక్ అనే పద్ధతి కనిపెట్టాడు. కెమెరాకు, వెనక దృశ్యం చూపించే ప్రొజెక్టర్‌కు రెండిటికీ జూమ్ లెన్సులు పెట్టి రెండూ ఒకేసారి కదిలేలా కట్టేశాడు. వెనకున్న ఆకాశం సైజు మారదు, కానీ రీవ్ కెమెరా వైపు దూసుకొస్తున్నట్టు ఉంటుంది. నీలం డ్రెస్సుతో ఇంకో తలనొప్పి. బ్లూ స్క్రీన్ ముందు పెడితే డ్రెస్సూ దాంతోపాటే మాయమవుతుంది, అందుకని ఆ షాట్ల కోసం డ్రెస్సు రంగు కాస్త పచ్చ వైపు మార్చారు. వీటన్నిటి మీదా రీవ్ ఒళ్ళు. తీగలకు వేలాడుతూ మలుపు తిరిగేటప్పుడు భుజం ఎలా వంచాలి, దిగేటప్పుడు ముందు ఏ కాలు ఆనాలి అన్నది అతను శరీరంతో నటించాడు. అతనికి విమానం నడపడం వచ్చు, అది ఆ మలుపుల్లో తెలుస్తుంది.

2013లో స్నైడర్ పూర్తిగా వేరే దారి పట్టాడు. ఎవరో నేల మీద నిలబడి చేత్తో కెమెరా పట్టుకుని వెతుకుతున్నట్టు, దొరకగానే గబుక్కున జూమ్ చేసినట్టు తీశాడు. మంచులో మొదటిసారి ఎగరడానికి ముందు పిడికిలి నేలకు ఆనిస్తే చుట్టూ ఉన్న మంచు పలుకులు పైకి లేస్తాయి. ఎగరడంలో బలం కనిపించిన సినిమా ఏదంటే నేను అదే చెప్తాను. 2025లో వైడ్ లెన్సు మొహానికి బాగా దగ్గరగా పెట్టి, అతనితోపాటే మనమూ వెళ్తున్నట్టు చూపించారు. కొన్ని చోట్ల మొహం సాగినట్టు కనిపించి నాకు ఇబ్బందిగా అనిపించింది. వాళ్ళ ఉద్దేశం అర్థమైంది. దూరం నుంచి దేవుణ్ణి చూసినట్టు కాకుండా అతని పక్కన ఉండాలని. రీలుపెట్టె గారు చెప్పిన దానికి ఇది కూడా సరిపోతుంది.

డెడ్‌లైన్

మీరందరూ తండ్రుల దగ్గరే ఉన్నారు, లోయిస్‌ను ఎవరూ పట్టించుకోలేదు. నేను పత్రికలో పనిచేసేదాన్ని కాబట్టి నా కొలత అదే.

మార్గట్ కిడ్డర్ లోయిస్ 1978లో మేడ మీద సూపర్‌మ్యాన్‌ను ఇంటర్వ్యూ చేస్తుంది. నీ వయసెంత, ఎంత ఎత్తు, తిండి తింటావా అని. ఇంటర్వ్యూ పేరుతో ప్రేమలో పడటం అది, అందంగానే ఉంటుంది. ఎదుటి కుర్చీలో పనిచేసేవాడే అతనని మాత్రం ఆమెకు తట్టదు. 2013లో ఎమీ ఆడమ్స్ లోయిస్ అసలైన రిపోర్టర్. తనను కాపాడిన అజ్ఞాత మనిషి ఆనవాళ్ళు పట్టుకుని ఊరూరా తిరిగి, అతను సూటు వేసుకుని లోకానికి కనిపించకముందే కాన్సాస్ పొలం దాకా వెళ్ళిపోతుంది. స్నైడర్ చేసిన మంచి మార్పుల్లో నావరకు ఇదే మొదటిది.

2025లో రేచల్ బ్రాస్నహన్‌కు మొదటి నుంచీ గుట్టు తెలుసు, ఇద్దరూ మూడు నెలలుగా ప్రేమలో ఉన్నారు. ఆమె ఇంట్లో అతను వంట చేస్తూ, నన్ను సూపర్‌మ్యాన్‌గా ఇంటర్వ్యూ చేసుకో అంటాడు. టేపు ఆన్ చేయగానే ఆమె ప్రియురాలు కాదు, రిపోర్టరే. బొరావియా యుద్ధాన్ని నువ్వు ఎవరిని అడిగి ఆపావు, అమెరికా ప్రభుత్వంతో మాట్లాడావా, ఆ దేశాధ్యక్షుణ్ణి ఎడారిలోకి ఎత్తుకెళ్ళి బెదిరించడం ఏ చట్టం ప్రకారం అని వరస పెడుతుంది. అతను మొదట నవ్వుతాడు, తర్వాత గొంతు పెంచుతాడు, చివరికి జనం చచ్చిపోయేవాళ్ళు అని అరుస్తాడు. నిమిషాల తరబడి సాగే ఈ సీనులో ఒక్క దెబ్బ లేదు, సినిమాలో అన్నిటికంటే టెన్షన్ పెట్టింది అదే. అడిగే ప్రశ్నలు న్యాయమైనవి, అతని కోపమూ న్యాయమైనదే. ఏ పాత సినిమాలోనూ సూపర్‌మ్యాన్‌కు ఇంత గట్టి ప్రశ్నలు పడలేదు.

ఇంకో మాట. మన సెన్సార్ వాళ్ళు ఈ సినిమాలో ముద్దు సన్నివేశాలను కుదించారు. కోపాల తర్వాత ఇద్దరూ దగ్గరైన ఘట్టం థియేటర్‌లో తటాలున తెగిపోయింది. పిల్లలతో చూసే సినిమా అని సర్దిచెప్పుకోవచ్చు గానీ, లూథర్ ఒక అమాయకుణ్ణి కణతకు తుపాకీ పెట్టి కాల్చే సీను ఉంచి ముద్దును కోయడం నాకు ఏమాత్రం నచ్చలేదు.

ఉక్కుపిడికిలి

డెడ్‌లైన్ గారూ, లోయిస్ విషయంలో స్నైడర్‌కు మార్కులు వేసినందుకు థాంక్స్. మరి సూపర్‌మ్యాన్ పుట్టిన గ్రహం నుంచే వచ్చిన విలన్ జాడ్ మెడ విరిచిన సీను సంగతి? అందరూ సూపర్‌మ్యాన్ చంపేశాడు, చంపేశాడు అంటారు. రైల్వే స్టేషన్‌లో ఒక కుటుంబం వైపు ఆ కంటి మంట అంగుళం అంగుళం జరుగుతుంటే ఇంకేం చేయాలి? చంపాక మోకాళ్ళ మీద పడి అరిచిన అరుపు ఎవరికీ గుర్తుండదు. తన జాతిలో మిగిలిన చివరి వాణ్ణి తన చేతులతో చంపుకున్నాడు, భూమి కోసం. రెండు ఇళ్ళలో తన ఇల్లు ఏదో తేల్చుకున్నది అక్కడే. రీలుపెట్టె అన్న చెప్పే పాయింటు 2013లోనూ ఉంది, ఇంకా ఎక్కువ నెత్తుటితో ఉంది. ప్రపంచవ్యాప్త కలెక్షన్లలో కూడా 2025 సినిమా కంటే 2013 సినిమానే ముందుంది, అది కూడా చూసుకోండి.

మోడరేటర్

కలెక్షన్ల చర్చకు వేరే దారం ఉంది, అక్కడికి వెళ్ళండి. ఇక్కడ సినిమాల గురించే మాట్లాడుకుందాం.

రీలుపెట్టె

జాడ్ సీనుకు నువ్వు చెప్పిన అర్థం బలమైనదే, నేను కాదనను. కానీ అంతకుముందు అరగంట సేపు మెట్రోపోలిస్‌లో భవనాలు కూలుతుంటే కింద ఉన్నవాళ్ళ వైపు కెమెరా ఎంతసేపు తిరిగింది? ఒక కుటుంబం కోసం అంత తల్లడిల్లినవాడు ఆ భవనాల్లో ఉన్నవాళ్ళ కోసం ఒక్క క్షణం ఆగి చూడడు. 2025లో రాక్షసమృగంతో పోరాటం మధ్యలో ఉడతను పక్కకు తీసి పెడతాడు. ఉడత ఏమిటని చాలామంది విసుక్కున్నారు. నాకు ఆ పాత్ర అక్కడే నచ్చింది.

ఓరుగల్లు_రాత్రి

2006 సినిమాను మీరెవరూ తలవలేదు, నేను తలుస్తాను. బ్రయన్ సింగర్ తీసిన ‘సూపర్‌మ్యాన్ రిటర్న్స్’, బ్రాండన్ రౌత్ హీరో. డోనర్ సినిమా మీద ప్రేమతో జాన్ విలియమ్స్ బాణీ, బ్రాండో పాత ఫుటేజీ అన్నీ తెచ్చి పెట్టుకున్నారు. విమానాన్ని బేస్‌బాల్ మైదానంలో దింపే సీను ఇప్పటికీ తిరుగులేనిది. మిగతా సినిమా నెమ్మది.

కానీ తండ్రుల లెక్కలో చూస్తే అందులో ఎవరూ చేయని పని జరిగింది. లోయిస్ కొడుకు తన కొడుకేనని సూపర్‌మ్యాన్‌కు తెలుస్తుంది. పక్కనే రిచర్డ్ అనే మంచి మనిషి ఆ పిల్లవాణ్ణి సొంత బిడ్డలా పెంచుతున్నాడు. సూపర్‌మ్యాన్ నిద్రపోతున్న పిల్లవాడి దగ్గరికి వచ్చి, తనకు జోర్‌ఎల్ చెప్పిన మాటలే వాడికి చెప్పి వెళ్ళిపోతాడు. అంటే ఈసారి సూపర్‌మ్యానే కన్నతండ్రి, రిచర్డ్ జొనాథన్ స్థానంలో ఉన్నాడు. సినిమా దీన్ని ఇంకాస్త తవ్వి ఉంటే ఈ వరసలో పెద్ద సినిమా అయ్యేది.

టీవీలో వచ్చిన ‘స్మాల్‌విల్’ను కూడా మర్చిపోకండి. 2001 నుంచి 2011 దాకా నడిచింది. జొనాథన్‌గా జాన్ ష్నైడర్, పెంచిన తల్లి మార్తాగా ఆనెట్ ఓటూల్, ఈమె 1983 సినిమాలో క్లార్క్ పాత స్నేహితురాలు లానా లాంగ్. ఆ సీరియల్‌లో జోర్‌ఎల్ ఎక్కువగా ఒక కఠినమైన గొంతే, ఆ గొంతు ఇచ్చింది 1980 సినిమాలో జాడ్ వేసిన టెరెన్స్ స్టాంప్. కన్నతండ్రి మీద అనుమానం 2025లో కొత్తగా పుట్టింది కాదు, అక్కడే మొలకెత్తింది. జొనాథన్ 100వ ఎపిసోడ్‌లో చనిపోతాడు. అన్ని సీజన్లు ఆ పొలం ఇంట్లో తిరిగి తిరిగి ఉన్న మాకు అది సొంత మనిషి పోయినట్టే ఉండింది.

తులసికోట

నేను ఇక్కడ ఎక్కువగా చదివి వెళ్ళిపోతుంటాను. ఈ దారం చూసి ఒక సాయం అడుగుదామని రాస్తున్నాను. మా బాబు మాకు దత్తత ద్వారా వచ్చాడు. ఇప్పుడు నాలుగో తరగతి. దత్తత సంగతి మేం ఎప్పుడూ దాచలేదు, వాడికి తెలుసు. కొత్త సూపర్‌మ్యాన్ చూస్తానని గొడవ చేస్తున్నాడు, ఆ కుక్క క్రిప్టో కోసం. కన్నవాళ్ళు చెడ్డవాళ్ళని తేలే సీను ఉందని ఇక్కడ చదివాక నాకు గుబులుగా ఉంది. వాడు తనను కన్నవాళ్ళ గురించి ఎప్పుడైనా అడుగుతాడు. వాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు, ఏదో కష్టం వచ్చి ఉంటుంది అని మేం చెప్తుంటాం. చూపించవచ్చా? ఆ సీను ఎంతసేపు ఉంటుంది, ఎలా ఉంటుంది?

రీలుపెట్టె

తులసికోట గారూ, సూటిగా చెప్తాను. సందేశం తెర మీద కనిపించేది కొద్దిసేపే, అరుపులూ నెత్తురూ ఏమీ ఉండవు. తల్లీ తండ్రీ ప్రేమగానే మాట్లాడుతుంటారు, మాట్లాడేది మాత్రం భూమిని ఏలమని, ఎక్కువమంది భార్యలను చేసుకుని వంశం నిలపమని. అది పిల్లలకు సగం అర్థం కాకపోవచ్చు. ఆ తర్వాత లోకమంతా అతన్ని తిట్టడం, అతను కుంగిపోవడం ఎక్కువసేపు ఉంటుంది. అది లూథర్ కల్పించిన అబద్ధమేమో అని మనకు ఆశ ఉంటుంది, సినిమా ఆ ఆశ మిగల్చదు. అదే మీకు కష్టమైన చోటు. పైన డెడ్‌లైన్ గారు చెప్పిన తుపాకీ సీను కూడా గుర్తుంచుకోండి, అక్కడ బాబు పక్కన ఉండండి.

కానీ సినిమా మొదట్లో దెబ్బలు తిని మంచు కోటకు చేరిన క్లార్క్‌ను ఊరడించడానికి రోబోలు కన్నవాళ్ళ సందేశం పెడతాయి. చివర్లో మళ్ళీ దెబ్బలు తిని వచ్చినప్పుడు అతను వేరేది పెట్టమంటాడు. కెంట్ దంపతులు తీసిన ఇంటి వీడియోలు. పిల్లవాడు పరిగెడుతుంటాడు, నాన్న ఎత్తుకుంటాడు. మీ బాబు ఆ భాగం తప్పకుండా చూడాలని నా కోరిక.

కృష్ణాతీరం

అమ్మా, ముందు 1978 సినిమా చూపించండి. అందులో కన్నవాళ్ళు బిడ్డను పంపేటప్పుడు పడే బాధ ఉంది, పెంచినవాళ్ళ ప్రేమా ఉంది. యశోదనూ దేవకినీ ఇద్దరినీ తల్లులుగానే చెప్పుకుని పెరిగిన మనకు అది బాగా అందుతుంది. మన రామారావు గారు 1980లో ‘సూపర్ మ్యాన్’ అనే సినిమాయే చేశారు, వి. మధుసూదనరావు గారి దర్శకత్వంలో. అందులో శక్తి వేరే గ్రహం నుంచి రాదు, ఆంజనేయస్వామి ఇస్తాడు. మా ఊళ్ళో పిల్లలందరం అప్పట్లో దుప్పట్లు కట్టుకుని గోడలు దూకాం.

ఓరుగల్లు_రాత్రి

కృష్ణాతీరం గారు ఆంజనేయస్వామి అన్నాక గుర్తొచ్చింది. 2024లో ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’లో విలన్ మైకేల్ చిన్నప్పుడు ఏం చేస్తాడు? పెద్ద పెద్ద సూపర్‌హీరోలెవరికీ తల్లిదండ్రులు లేరని గమనించి, తనవాళ్ళను చంపేస్తాడు. ఈ కథలన్నిటి మీదా ఒక తెలుగు సినిమా అంత పదునైన మాట అంది, ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. హీరోకు ఇల్లు ఉండకూడదన్న నమ్మకం ఎంత భయంకరమో ఆ ఒక్క సీనులో చూపించారు. 2025 సూపర్‌మ్యాన్‌లో కెంట్ దంపతులు ఇద్దరూ బతికే ఉండటం నాకు అందుకే నచ్చింది. కామిక్స్‌లో 1986లో జాన్ బర్న్ కథను మళ్ళీ మొదలుపెట్టినప్పుడే వాళ్ళను బతికించి ఉంచాడు, సినిమాకు అది చేరడానికి ఇన్నేళ్ళు పట్టింది.

డెడ్‌లైన్

తులసికోట గారూ, ఒక చిన్న సంగతి చెప్తాను. ఎర్ర నిక్కరు ఉంచాలా వద్దా అని గన్ చాలాకాలం తేల్చుకోలేదట. సూపర్‌మ్యాన్ పిల్లలు తనను చూసి భయపడకూడదని కోరుకునే మనిషి కాబట్టి రంగులుండాలని కోరెన్స్‌వెట్ వాదించడంతో ఒప్పుకున్నానని గన్ స్వయంగా చెప్పారు. క్రిప్టోకు కూడా గన్ ఇంట్లో ఉన్న ఓజూ అనే అల్లరి కుక్కే ప్రేరణ. మీ బాబు లాంటి పిల్లల్ని మనసులో పెట్టుకుని తీసిన సినిమా ఇది.

తులసికోట

అందరికీ ధన్యవాదాలు. శనివారం ముగ్గురం కూర్చుని చూశాం. తుపాకీ సీను దాటించాం. క్రిప్టో వచ్చినప్పుడల్లా వాడు సోఫా మీద నిలబడ్డాడు. సందేశం సీను తర్వాత మాత్రం ఆపమన్నాడు. వాళ్ళ అమ్మానాన్నా నిజంగానే అలా అన్నారా, లూథర్ మార్చేశాడా అని అడిగాడు. నిజంగానే అన్నారని చెప్పాను. కాసేపు ఆలోచించి, అయితే వాళ్ళకు భూమి మీద ఎవరూ తెలీదు కదమ్మా అన్నాడు. మళ్ళీ పెట్టమన్నాడు. పొలం ఇంటి సీనులో మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళిపోయారు.

అయినా రీలుపెట్టె గారూ, మీతో ఒకచోట నాకు పడటం లేదు. సినిమా నాకు నచ్చింది. కానీ పెంచినవాళ్ళు గొప్పవాళ్ళని చెప్పడానికి కన్నవాళ్ళను చెడ్డవాళ్ళను చేయాలా? అలా చేస్తే ఆ పిల్లవాడికి ఎంచుకోవడం తేలికైపోతుంది. మా ఇంట్లో అది తేలిక కాదు. వాడి మనసులో వాళ్ళకూ చోటుంది, మాకూ చోటుంది, రెండూ ఉండాలి. కృష్ణాతీరం గారు చెప్పారని ఆదివారం నేనొక్కదాన్నీ 1978 సినిమా మొదటి గంట చూశాను. బిడ్డను నౌకలో పెట్టేటప్పుడు కన్నతల్లి లారా మొహం చూశాక, మా బాబుకు చూపించాల్సింది ఇదే అనిపించింది. దత్తత ఇళ్ళ సంగతి ఆ పాత సినిమాకే ఎక్కువ తెలుసు.

రీలుపెట్టె

మీ మాటకు బలం ఉంది. నా వైపు నుంచి ఇంతే చెప్తాను. గన్ కన్నవాళ్ళను చెడ్డవాళ్ళను చేసింది పెంచినవాళ్ళను పెద్ద చేయడానికని నేను చూడలేదు. పుట్టుక ఎలాంటిదైనా నీ మంచితనం నీదే అని చెప్పడానికని చూశాను. లోకంలో కన్నవాళ్ళ గురించి మంచి మాట వినలేని పిల్లలు కూడా ఉన్నారు, వాళ్ళకు 2025 సినిమా చెప్పేది 1978 సినిమా చెప్పలేదు. మీ బాబు విషయంలో మాత్రం 1978 సరైనదంటే ఎదురు చెప్పను.

తులసికోట

ఒప్పుకుంటాను, ఆ పిల్లల గురించి నేను ఆలోచించలేదు. ఉక్కుపిడికిలి గారూ, వాడు ఇప్పుడు అన్ని సూపర్‌మ్యాన్‌లూ చూస్తానంటున్నాడు. 2013 సినిమా చూపించవచ్చా?

ఉక్కుపిడికిలి

అక్కా, నాకు ప్రాణమైన సినిమా అది, అయినా ఇప్పుడే వద్దంటాను. సుడిగాలిలో నాన్న పోవడం, మెడ విరవడం నాలుగో తరగతి పిల్లవాడికి బరువు. పన్నెండు, పదమూడేళ్ళు వచ్చాక చూపించండి. ఒక్క సీను మాత్రం ఇప్పుడే చూపించవచ్చు. స్కూల్లో చిన్న క్లార్క్‌కు అందరి ఎముకలూ కనిపించి, అన్ని చప్పుళ్ళూ ఒకేసారి వినిపించి, గదిలో దూరి తలుపేసుకుంటాడు. డయాన్ లేన్ మార్తా తలుపు బయట కూర్చుని, లోకం మరీ పెద్దదైతే చిన్నది చేసుకో, నా గొంతు మీదే ధ్యాస పెట్టు అంటుంది. అది విడిగా చూసినా అర్థమవుతుంది. 1978 సినిమా పెట్టేముందు బాబుకు ఒక సంగతి చెప్పండి. రెండు గంటల ఇరవై నిమిషాలు దాటుతుంది, ముప్పావు గంట దాకా ఆ నీలం డ్రెస్సు కనిపించదు. ముందే చెప్తే ఓపిగ్గా కూర్చుంటాడు.